సముద్రం కట్టిన గట్టు

మోటుసినా దీవికి తూర్పు ఒడ్డున రక్షణ గోడ కట్టాలని ప్రణాళిక రాసింది నేనే. అప్పట్లో పసిఫిక్ సముద్రంలోని మా చిన్న దేశం తువాలు రాజధానిలో పర్యావరణ శాఖలో పనిచేస్తున్నాను. నేను పుట్టింది ఆ దీవిలోనే కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. గోడకు రాయి కావాలి. మాకు మట్టే అపురూపం, ఇక రాయెక్కడిది? బయటి దేశం నుంచి పద్నాలుగు ఓడల్లో తేవాలి, మూడేళ్లు పడుతుంది అని లెక్క తేల్చాను. ఆ కాగితాలు పట్టుకుని, దీవి పెద్దల ఒప్పుదల కోసం వెళ్లాను.

దిగీ దిగగానే మా మేనమామ తౌసి ఎదురొచ్చాడు. డెబ్భై నాలుగేళ్లవాడు. ఇంకా ఒంటరిగా పడవేసుకుని బయటి సముద్రానికి వెళ్తాడు.

"ఏమే సులూ, రాళ్లు తెప్పిస్తావటగా. సముద్రాన్ని అడిగావా?"

"సముద్రం సంతకం పెట్టదు మావయ్యా."

"పెడుతుంది. చదవడం మీకు రాదంతే."

నాలుగో రోజు పొద్దున తుపాను విరుచుకుపడింది. ఊరంతా చర్చిలో చేరాం. దీవి నడుమ కాస్త ఎత్తున్నది అదొక్కటే. రెండు గంటలు గాలి ఒకటే హోరు. ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. తూర్పు నుంచి ఇళ్ల మధ్యగా పారి, గుమ్మం మెట్టు దాకా వచ్చి, పడమట దీవుల వలయం నడుమనున్న లోపలి సముద్రంలోకి దిగిపోయాయి. చంటిపిల్లలను బల్లల మీదికి ఎక్కించి తల్లులు పట్టుకున్నారు. ఎవరూ ఏడవలేదు. ప్రార్థన కూడా ఒక దశలో ఆగిపోయింది.

మావయ్య గోడ పక్కన కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించి ఉన్నాడు. నా చెయ్యి లాగి తన చెయ్యి పక్కన పెట్టాడు.

"విను. ఇది గాలి కాదు."

నేల అదురుతోంది. హోరు కింద ఇంకో చప్పుడుంది, ఏదో పెద్ద తిరగలి ఆగకుండా తిరుగుతున్నట్టు.

"రాళ్లు నడుస్తున్నాయి," అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి గాలి తగ్గింది. ప్రాణాలు పోలేదు. ముప్ఫై ఒక్క ఇళ్లు పోయాయి, సీమపనస చెట్లు కూలాయి, పులాకా దుంపలు పెంచే గుంటల్లో ఉప్పునీళ్లు చేరాయి. పడిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ నేనూ మావయ్యా తూర్పు ఒడ్డుకు వెళ్లాం.

ఒడ్డు కనబడలేదు. పొద్దుటి దాకా చదునుగా ఉన్న చోట రాళ్ల గట్టు లేచి ఉంది. నా తలకన్నా ఎత్తు. ఇటు చూస్తే దీవి కొస దాకా, అటు చూస్తే చూపు ఆనినంత మేర. అన్నీ పగడపు రాళ్లే. పిడికిలంతవి, బానలంతవి, ఒకటైతే పడవంత. సముద్రం అడుగు నుంచి పెకలించి తెచ్చినవి. కొన్నింటి మీద పగడం ఇంకా ఊదారంగులో బతికే ఉంది. సందుల్లోంచి నీళ్లు కారుతుంటే రాళ్లు ఒకదాని మీదొకటి సర్దుకుంటూ టక్కు టక్కుమంటున్నాయి.

నా పద్నాలుగు ఓడలు గుర్తొచ్చాయి. అలాంటివి వంద తెచ్చినా ఇంత గట్టు లేవదు. మూడేళ్లనుకున్నది ఒక్క పూటలో, అదీ మేం కళ్లు మూసుకుని ఉన్న పూటలో. అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాను. మావయ్య టోపీ తీసి నిలబడ్డాడు.

కాసేపటికి నాలో ఉద్యోగి మేల్కొంది. "మావయ్యా, ఇక రాయి తెప్పించక్కర్లేదు. దీన్నే తవ్వి గోడ కట్టేయొచ్చు."

ఆయన నన్ను ఊళ్లోకి నడిపించాడు. మా అమ్మ దుంపల గుంట దగ్గర ఆగాడు. వరద తాకిడికి గుంట ఒక పక్క అంచు విరిగిపడి, నేల నిలువునా కోసినట్టు కనిపిస్తోంది. ఇసుక, దాని కింద రాళ్లు, మళ్లీ ఇసుక, మళ్లీ రాళ్లు. కర్రతో చూపిస్తూ ఐదు వరసలు లెక్కపెట్టాడు.

"ఈ పైది లేచినప్పుడు నాకు ఆరేళ్లు. అప్పుడు ఒడ్డునే ఉండేది. అలలు ఏటా కాస్త కాస్త లోపలికి నెట్టి, ఇసుక కప్పాయి. ఇప్పుడు దాని మీద మీ అమ్మ ఇల్లుంది."

"మరి కింది వరసలు?"

"మా తాతల నాటివి. వాళ్ల తాతలవి. ఒక్కో వరస ఒక్కో తుపాను రోజున లేచిందే."

చిన్నప్పటి నుంచి అమ్మతో ఆ గుంటలో కలుపు తీసినదాన్ని. ఆ రాళ్ల వరసలు ఎన్నిసార్లు చూశానో. అవి ఏమిటని ఒక్కనాడూ అడగలేదు. మేం భూమి అనుకుంటున్నదంతా తుపానులు వేసి వెళ్లిన పొరలేనని ఆ సాయంత్రం తెలిసింది. మోకాళ్ల మీద కూర్చుని, అన్నిటికన్నా కింది వరస మీద చెయ్యి వేశాను.

తుపాను వెళ్లిన మూడో రోజు సభాశాలలో మొగలి చాపల మీద అందరూ కూర్చున్నారు. నేలు అనే దీవి పెద్ద కొత్త ఇళ్ల పునాదులకు ఆ గట్టు రాళ్లే వాడదామన్నాడు. నేను వద్దన్నాను.

"మావాళ్లు టార్పాలిన్ల కింద పడుకుంటున్నారమ్మా," అన్నాడు నేలు. "నువ్వు రాళ్లను చూసి మురిసిపోమంటున్నావు."

"అది రాళ్ల కుప్ప కాదు బాబాయ్, రేపటి నేల. అలలు నెట్టేకొద్దీ దాన్ని లోపలికి నడవనియ్యాలి, గోడ అడ్డం కట్టకూడదు. ఇళ్లు ఒడ్డు నుంచి జరిపి దీవి నడుమ కడదాం, చెక్క స్తంభాల మీద. ఓడల్లో రాయికి బదులు చెక్కా, దుంపలకు మట్టీ తెప్పిస్తాను."

"మొన్నటిదాకా గోడన్నావు."

"అన్నాను. తప్పు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మావయ్య లేచాడు. "ఇంత చదివిన పిల్ల తప్పని ఒప్పుకుంది. నేలూ, ఒప్పుకోవడానికి నీకేం పోయింది?" ఈసారి సభంతా నవ్వింది, నేలుతో సహా. మాట తేలడానికి మాత్రం ఇంకో రెండు రోజులు పట్టింది. సగం మంది నడుమకు జరగడానికి ఒప్పుకున్నారు. నేలు ఒప్పుకోలేదు, తన పాత చోటనే కట్టుకున్నాడు. గట్టును మాత్రం ఎవరూ ముట్టలేదు.

ఆరేళ్లయింది. గట్టు పదకొండు అడుగులు లోపలికి జరిగింది. ఎత్తు తగ్గింది, వెనక ఇసుక మేట వేసింది. ఓడల్లో తెచ్చిన మట్టితో తొట్లలో పెంచుతున్న దుంపలు సన్నగానే ఊరుతున్నాయి, అమ్మకు నచ్చలేదు. ఏటేటా సముద్రమట్టం పెరుగుతున్నంత వేగంగా దీవి లేవగలదా అని రాజధానిలో అడుగుతారు. తెలియదనే రాస్తున్నాను.

ఏటా కొలతకు వెళ్తాను. టేపు రెండో కొస మావయ్య పట్టుకుంటాడు. ఈ ఏడు తెల్లటి సముద్రపు పిట్టలు గూడైనా కట్టకుండా నేరుగా ఆ రాళ్ల మీదే గుడ్లు పెట్టాయి. మచ్చల గుడ్లు, రాళ్లలో కలిసిపోయి కనబడవు. ఇద్దరం చెప్పులు విడిచి, ఒక్కో అడుగూ చూసుకుంటూ వేశాం. గట్టు ఆ చివరికి చేరేసరికి మధ్యాహ్నమైంది.