సందు లేకుండా కట్టిన అట్టపెట్టె

మా ఆయన నరేందర్‌కు సైకిల్ పిచ్చి. కోరుట్లలో బడిపంతులు ఉద్యోగం, సెలవులొస్తే సైకిలెక్కి దేశం మీద పడటం. ఈసారి దుబాయిలో మొదలుపెట్టి మస్కట్ దాకా తొక్కుతానన్నాడు. మా వీధిలో ఇంటికొకరు దుబాయి పోయినవాళ్లే. సైకిల్ తొక్కడానికి పోయే మహానుభావుడు మాత్రం ఈయనొక్కడే. తిన్నదరగక అని నేను తిట్టాను కూడా.

విమానంలో వేయాలంటే సైకిల్‌ను విప్పి అట్టపెట్టెలో సర్దాలి. దానికి మా మామగారి తమ్ముడు, చిన్నమామ ఆగయ్య వచ్చాడు. దుబాయిలో ఏళ్లకేళ్లు పనిచేసి వచ్చినవాడు. వీధిలో ఎవరు ప్రయాణమైనా పెట్టె కట్టేది ఆయనే. నరేందర్ పెడళ్లు విప్పాడు, చక్రాలు తీశాడు, హ్యాండిల్ పక్కకు తిప్పాడు, టైర్లలో గాలి తగ్గించాడు. గుడారం, పడుకునే సంచి చెరో పక్క దూర్చాడు.

అప్పుడే ఆగయ్య భార్య గంగవ్వ చిన్నత్త పొట్లం పట్టుకుని వచ్చింది. వాళ్ల కొడుకు మహేశ్ దుబాయిలో ఒక కంపెనీలో కూలి.

"కొడుకా, గీ మసాలా పొట్లం మహేశ్‌కియ్యరాదు."

"వద్దు చిన్నమ్మా. ఎవ్వల సామాను తీస్కపోను. గాడ చెకింగ్ ఉంటది."

మా వైపు దుబాయి పోయేవాడు పొట్లం కాదనడమంటే ముఖం మీద తలుపేయడమే. ఆమె ముఖం మాడిపోయింది. పాపం, నాకే జాలేసింది.

"సందుంటే సామాను కొట్టుకుంటది. పాత బట్టలుంటే తేపో" అని చిన్నమామ ఆమెను పంపాడు.

చిన్నత్త ఇంటికి పోయి లుంగీలు, తువ్వాళ్లు చుట్టలు చుట్టి తెచ్చింది. అలక తీరిందని సంబరపడ్డాం. ఇంటి మనిషి తెచ్చిన పాతబట్టల్ని ఎవరు విప్పి చూస్తారు? చిన్నమామ వాటిని సైకిల్ గొట్టాల మధ్య కుక్కి, నైలాన్ తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి, పైన నరేందర్ పేరు పెద్ద అక్షరాలతో రాశాడు.

మర్నాడు పొద్దున నరేందర్ విమానమెక్కాడు. మధ్యాహ్నం చిన్నత్త నవ్వు ముఖంతో మా ఇంటికొచ్చింది. వెనకే చిన్నమామ.

"సంధ్యా, దిగిండా? గా నీలం లుంగీ ఇప్పి సూడుమను. మహేశ్ అచ్చి తీస్కపోతడు."

"అండ్లేమున్నది?"

"గసగసాలే బిడ్డా. మటన్ల ఏసుకుంటడని."

చిన్నమామ గడపలోనే కూలబడ్డాడు.

"ఎంత పని జేసినవే! గాడ గసగసాలంటె మత్తుమందు లెక్క. జేల్ల ఏస్తరు. మా రూముల సిరిసిల్ల పిలగాడు గట్లనే లోపటికి పోయిండు."

"మరి నాకెన్నడన్న చెప్పినవా?" చిన్నత్త గొంతు చించుకుంది. "ఏసీ రూములంటివి, ఖర్జూరాలంటివి. గీ ముచ్చట ఒక్కనాడన్న చెప్పినవా?"

ఆడవాళ్లు బెంగపడతారని అక్కడి కష్టమేదీ ఇంట్లో చెప్పకపోవడం మా మగవాళ్ల పద్ధతి. తగలబడిపోను ఆ పద్ధతి! నాకు ఒళ్లు మండిపోయింది.

నరేందర్‌కు ఫోన్ చేశాను. కలవలేదు. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. చివరికి అతనే చేశాడు.

"సంధ్యా, పెట్టె ఇప్పిండ్రు. లుంగీల గసగసాలు దొరికినయ్. ఎవలయని అడిగిండ్రు. నాయే అని చెప్పిన."

"నీకేమన్న మతిపోయిందా? చిన్నత్త పెట్టిందని చెప్పు!"

"చెప్తే, ఎవలికని అడుగుతరు. మహేశ్ పేరు చెప్పాలె. వానికేం తెల్వది, పాపం. వాన్ని గూడ లోపటేస్తరు."

"నీకు మాత్రం ఏం తెలుసు? నీకేం తెలుసని?" అరిచాను.

"ఫోన్ ఇచ్చెయ్యుమంటున్నరు. పైలంగ ఉండు" అన్నాడు. అంతే, కట్టయింది.

చిన్నత్త నా చేయి పట్టుకుంది.

"ఏమన్నడు బిడ్డా? మా మహేశ్‌ను గిట్ట పట్టుకపోతరా?"

ముందు ఆమె నోట్లోంచి వచ్చింది ఆ మాటే.

"పట్టుకపోరు. మీ మహేశ్‌కేం కాదు, చిన్నత్తా. లోపటికి పోయింది మా ఆయనే."

ఆమె నా కాళ్ల మీద పడింది. నేను లేపలేదు.