మూడో వంతు

చనిపోయిన కొడుకు మెడలోని నరాల ముడిని భార్య తనని అడక్కుండా పరిశోధనకని ల్యాబుకు రాసిచ్చింది. అది నమ్మకద్రోహం. ఆమె కూడా పోయి ఏడాదయింది కాబట్టి పోట్లాడటానికి మనిషి లేదు. గడియారాలు బాగుచేసే ఆ ముసలాయన కొట్టుకు తాళం వేసి, కొడుకుది కొడుకు పక్కనే పూడ్చాలని ల్యాబుకు వెళ్లాడు.

తల్లిలో దాక్కున్న లోపం, తండ్రిలో దాక్కున్న లోపం వాడిలో కలిశాయి. చెమటనీ, రక్తపోటునీ, కన్నీటినీ మనకు తెలియకుండా నడిపించే నరాల కణాలు వాడికి పుట్టుకతోనే తక్కువ. ఉన్నవీ ఏటేటా రాలిపోయాయి. నొప్పీ సరిగా తెలిసేది కాదు, వేలు కాలితే వాసన వచ్చాకే చూసుకునేవాడు. కళ్లెండిపోకుండా తల్లి గంటగంటకూ చుక్కలు వేసేది. "ఏడవడం నావల్ల కాదు నాన్నా, నా వంతు కూడా నువ్వే కానిచ్చెయ్" అని నవ్వేవాడు. ఇరవై ఆరేళ్లకు పోయాడు.

ల్యాబులో కణాలు లెక్కపెట్టే అమ్మాయి పెట్టె తెరిచింది. పల్చగా కోసిన నరాల ముడి ముక్కలు అతికించిన పన్నెండు గాజు పలకలు, ప్రతి పేరు మీదా అంటించిన కాగితం. ఎవరిదో తెలిస్తే కన్ను మొగ్గు చూపుతుందట, అందుకే తనకూ తెలియదంది. కాగితాలు ఇప్పుడే ఊడదీస్తే రెండేళ్ల లెక్క నీళ్లపాలు.

"నాది నాకిచ్చెయ్యి. మీ లెక్కలు నాకెందుకు?" అన్నాడు.

"ఇస్తాను పెద్దాయనా. అడిగే హక్కు మీది. ముందు ఒక్కసారి చూడండి."

అలవాటు కొద్దీ ఒక కన్ను మూసి, సూక్ష్మదర్శిని మర తనే తిప్పుకున్నాడు. మొదటి పలకలో దానిమ్మ గింజల్లా కిక్కిరిసి కణాలు. రెండోదాంట్లో అక్కడొకటి, ఇక్కడొకటి.

"దీన్ని పాడుచేశావు" అని కసిరాడు.

"పాడవలేదండీ. ఈ జబ్బున్నవాళ్లకి ఉండేదే మామూలువాళ్లలో మూడో వంతు."

ఆయన తల ఎత్తలేదు. చక్రానికి ఒక్క పన్ను విరిగితే గడియారం ఆగిపోతుంది. వాడు మూడో వంతుతో రోజూ మంచం అంచున కూర్చుని, రక్తపోటు పడిపోకుండా పొట్టకు పట్టీ బిగించి, నలభై దాకా లెక్కపెట్టి, గోడ పట్టుకుని లేచి, తనకంటే ముందే కొట్టు తలుపులు తీసేవాడు. కళ్లు తిరిగితే, కిందనుంచి గోడ గడియారాలు చూడ్డానికి బాగుంది కదా అని కాసేపు నేల మీదే కూర్చున్నానని తండ్రికే కథ చెప్పేవాడు. అది సోమరితనమనుకుని ఆయన ఎన్ని మాటలన్నాడో.

అలాంటి పలకలు ఆరున్నాయి. ఆరూ చూశాడు. వాడిది ఏదో తేల్చుకోలేకపోయాడు. ఆరుగురూ మొనగాళ్లే అనుకున్నాడు. పెట్టె మూసి, తనే అమ్మాయి వైపు జరిపాడు.

"సరిగ్గా లెక్కపెట్టు" అని లేచాడు.

ఇంట్లో చెల్లెలు ఎదురొచ్చింది. "తెచ్చావా అన్నయ్యా? వదిన చేసింది తప్పేనంటావా ఇంకా?"

"తప్పే. అయినా అది అక్కడే ఉంటుంది. ఈ సంగతి నా దగ్గర మళ్లీ ఎత్తావంటే ఈ గడప తొక్కొద్దు."

ఆమె ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు, చచ్చేదాకా.