ఫొటోలో పళ్లు

టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాఠం చెప్పడం మొదలై నెలలు గడిచాయి. కుట్టుపని నేర్పే మనిషికి రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి పెదవుల దగ్గర కాపలా కాస్తూ ఉంటే మెడ వంపు దగ్గర గుడ్డ సాపుగా పట్టేదెవరు, కత్తెర నడిపేదెవరు? అందుకని మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా కత్తెర కింద పెట్టేది, చెయ్యి పైకి తెచ్చేది, రెండు ముక్కలు చెప్పేది, మళ్లీ కత్తెర తీసుకునేది. నేర్చుకునే పిల్లలకి ఓపిక ఉన్నా, ఆమెకి తన మీద తనకే విసుగొచ్చేది.

అసలే ఆమెకి మాట కన్నా ముందు నవ్వు వచ్చేసేది. జాకెట్టు చేతిని తిరగేసి కుట్టుకొచ్చిన పిల్లని చూసినా ముందు పగలబడి నవ్వి, ఆ తర్వాతే కుట్టు విప్పించేది. కింది వాటాలో వాళ్లకి క్లాసు మొదలైందని తెలిసేది మిషన్ల చప్పుడు విని కాదు, ఆమె నవ్వు విని. అలాంటిది, చిగుళ్ల జబ్బు చేసి పై పళ్లు ఒకటొకటే కదిలిపోయి, మిగిలినవి కూడా ఎన్నాళ్లో నిలవవని డాక్టరమ్మ తీసేశాక, ఆ గదిలో మిషన్ల చప్పుడే మిగిలింది. కింది వరస గట్టిగానే ఉంది. పై వరస పోయేసరికి పెదవి లోపలికి జారింది. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే తను కాక, చివరి రోజుల్లో మంచం పట్టిన తన తల్లి కనిపించేది.

చిగుళ్లు మానాయి. ఇప్పుడేం పెట్టించుకోవాలన్న దగ్గర ఇల్లు రెండు జట్లుగా చీలింది.

కూతురు ఇంప్లాంట్ల జట్టు. ఎముకలోకి స్క్రూలు దించి వాటి మీద పళ్లు బిగిస్తారని, ఒకసారి బిగించాక సొంత పళ్లలాగే తోముకోవచ్చని, రాత్రిళ్లు తీసి గ్లాసులో వెయ్యక్కర్లేదని ఆ పిల్ల వాదన. టీచరమ్మ భర్త కట్టుడు పళ్ల జట్టు. స్క్రూ అన్న మాట వింటేనే ఆయన తన దవడ పట్టుకునేవాడు. షుగరున్న మనిషిని తీసుకెళ్లి ఎముకకి రంధ్రాలు పెట్టిస్తామా, అదేమన్నా గోడా మేకు కొట్టడానికి, అనేవాడు.

ఆయన అక్కగారు ఆ జట్టూ కాదు, ఈ జట్టూ కాదు. ఆవిడకి పదేళ్లుగా కట్టుడు పళ్లున్నాయి కాబట్టి తనొక్కతికే అనుభవం ఉందనేది. "పైకి మహా ముచ్చటగా ఉంటాయమ్మాయ్. కొత్తలో మా వీధిలో వాళ్లు నా వయసు కూడా మర్చిపోయారు" అని ఒక వాయి పొగిడేది. వెంటనే, ఒకసారి తుమ్మితే అవి ఎదుటివాళ్ల ఒళ్లో పడ్డ వైనం చెప్పేది. మొదట్లో పట్టు బాగానే ఉండేదట. ఏళ్లు గడిచేకొద్దీ వదులైపోయాయట. ఇప్పుడు మాట్లాడుతుంటే చివర టక్కుమంటాయి. ఆ టక్కు వినపడకుండా ఉండడానికి ఆవిడ గట్టిగా మాట్లాడుతుందని ఇంట్లో వాళ్ల అనుమానం.

"పళ్ల బిగువున ఓర్చుకుందామంటే పళ్లే లేవు కదా వదినా" అంది టీచరమ్మ, చెయ్యి అడ్డం పెట్టుకునే.

చివరికి తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. కూతురు ఈడు పిల్ల ఆ డాక్టరమ్మ. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా పెన్ను కదపకుండా వినేది. ఏది పెట్టించుకుంటే నవ్వు సహజంగా కనిపిస్తుందని కూతురు అడిగింది.

"చూసేవాళ్లకి కనపడేది పంటి వేరు కాదండీ, పైనున్న పన్ను" అంది డాక్టరమ్మ. "కట్టుడు పళ్లయినా, ఇంప్లాంట్ మీద పళ్లయినా, ఆ పన్ను ఆకారం, రంగు, వరస ఆంటీ మొహానికి నప్పకపోతే రెండూ పెట్టుడు పళ్లలాగే కనిపిస్తాయి. తేడా నవ్వినప్పుడు, మాట్లాడినప్పుడు. పట్టు ఉంటే పళ్ల సంగతి మర్చిపోయి నవ్వుతాం. జారతాయేమోనని భయముంటే మొహం బిగుసుకుంటుంది."

ఇంకో సంగతి కూడా చెప్పింది. పళ్లు లేని చోట ఎముక నెమ్మదిగా కరిగిపోతూ ఉంటుంది. కట్టుడు పళ్లు దాన్ని ఆపలేవు, అందుకే పోనుపోనూ వదులవుతాయి. ఇంప్లాంట్లు ఆ ఎముకకి పని చెప్తాయి. అయితే చిన్నదే అయినా ఆపరేషను తప్పదు, ఎముక స్క్రూని పట్టుకోవడానికి కొన్ని నెలలు ఓపిక పట్టాలి, షుగరు అదుపు తప్పకూడదు, శుభ్రం విషయంలో బద్ధకం పనికిరాదు. టీచరమ్మకి ఎముక సరిపడా ఉంది. షుగరు అదుపులోనే ఉంది. ఎటు తేల్చుకున్నా మొదట మైనంలో పళ్లు గుచ్చి ఒక నమూనా చేసి చూపిస్తానంది. అందుకు పళ్లున్నప్పటి ఫొటో కావాలి, నవ్వుతున్నది.

ఫొటోలకేం, ఇంటినిండా ఉన్నాయి. టీచరమ్మ భర్త ఉద్యోగమే ఫొటో స్టూడియోలో. ఫొటోలు తియ్యడం కాదు, టచింగ్. కంప్యూటర్లు రాకముందు మాట. నెగెటివ్‌ని వెనకనుంచి వెలుగు పడే అద్దం మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మచ్చలు, మొటిమలు, కళ్ల కింది నీడలు మాయం చేసేవాడు. నెగెటివ్ మీద నల్లగా గీస్తే ఫొటోలో తెల్లగా వస్తుంది. అందుకని ఆయన ఎదుటి మనిషిలో ఎక్కడ చీకటి ఉందో ముందు చూసేవాడు. ఊళ్లో సగం మంది ఆయన చేతిలో అందగాళ్లయినవాళ్లే.

ఉన్న ఫొటోల్లో మంచిదేదో వెతికి, స్టూడియో వాళ్లు ఏళ్ల తరబడి వీధివైపు అద్దాల అరలో పెట్టుకున్న ఫొటోని కూతురే ఎంచి ఇచ్చింది. అందులో టీచరమ్మకి పాతికేళ్లు. తల కాస్త పక్కకి వాల్చి, నోరారా నవ్వుతోంది. పళ్లు ముత్యాలు పేర్చినట్టున్నాయి.

నమూనా తయారైంది. గులాబీరంగు మైనంలో గుచ్చిన పళ్లని డాక్టరమ్మ మెల్లగా నోట్లో అమర్చి, కొరకకండి, ఊరికే నవ్వండి అని చేతికి అద్దం ఇచ్చింది.

పెదవి మళ్లీ తన చోటికి వచ్చింది. బుగ్గలు నిండాయి. కూతురు చప్పట్లు కొట్టినంత పని చేసింది. డాక్టరమ్మ ఫొటోనీ మొహాన్నీ మార్చి మార్చి చూసి, అచ్చు దిగిపోయిందంది. దిగింది, నిజమే. టీచరమ్మ అద్దంలోకి చూస్తూనే ఉంది. కుట్టులో తప్పెక్కడుందో కంటికి ఆనదు, కానీ తొడుక్కుంటే ఎక్కడో లాగుతుంది చూడండి, అలా ఉంది ఆమెకి. నవ్వింది. అద్దంలో ఎవరో పెద్దింటి ఆవిడ పేరంటానికి పిలవడానికి వచ్చినట్టు మర్యాదగా నవ్వింది. ఇంత కష్టపడి చేశారు, ఇంతమంది బాగుందంటున్నారు, ఈ వయసులో ఇంకేం వంకలు పెడతాం అనుకుంది. బాగుందని చెప్పెయ్యబోయింది కూడా.

ఆయన వంక చూసింది. ఆయన గోడకున్న పళ్ల బొమ్మని చదువుతున్నాడు. ఏదన్నా దాచేటప్పుడు ఆయన గోడలు చదువుతాడు.

అప్పుడు తెలిసింది ఆమెకి. పెళ్లయిన కొత్తలో ఈయన తనని మొదటిసారి ఫొటోలో చూపిస్తే, ముందు పళ్ల మధ్య సందు ఎంత అసహ్యంగా ఉందో చూడమని తనే ఏడుపు మొహం పెట్టింది. ఆయనకది అసహ్యంగా అనిపించలేదు. అయినా ఆమె మాట కాదనలేక, పెన్సిల్ చెక్కుకుని ఆ సందు పూడ్చేశాడు. ఆ తర్వాత ఏ ఫొటో వచ్చినా అడక్కుండానే పూడ్చేవాడు. ఏళ్లు గడిచాక ఇద్దరికీ అది పూడ్చిన సంగతే గుర్తులేకుండా పోయింది. ఇంట్లో గోడ మీది ఫొటోలో ఉన్నదే నిజమనుకున్నారు.

టీచరమ్మ నమూనా బయటికి తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"తప్పు మీది కాదమ్మా. ఆ ఫొటోలో పళ్లు నావి కావు" అంది. "మా ఆయనవి."

డాక్టరమ్మ ఆయన నోటి వంక చూసింది. ఆయన గాభరాపడి నోరు మూసుకున్నాడు. ఆ పైన సంగతంతా విడమరిచి చెప్పేసరికి డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. తర్వాత సీరియస్‌గా, టచింగ్ చెయ్యని ఫొటో ఒక్కటైనా ఉందా అని అడిగింది. తర్వాతి కాలంలో కూతురు ఫోనులో తీసినవి ఉన్నాయి గానీ, అప్పటికే పళ్లు కదిలి పక్కకి జరిగి ఉన్నాయి. పైగా వాటిల్లో టీచరమ్మ పెదవులు మూసుకునే ఉంది.

"కాగితముందా?" అన్నాడాయన, గోడ వదిలిపెట్టి.

డాక్టరమ్మ కాగితం, పెన్సిలూ ఇచ్చింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితానికి ముక్కు ఆనేలా వంగి గియ్యడం మొదలుపెట్టాడు. సందు పైన సన్నగా మొదలై కిందికొచ్చేసరికి వెడల్పవుతుంది. ఎడమ పన్ను కుడిదానికన్నా వెంట్రుకవాసి ముందుకి ఉంటుంది, వెలుగు ముందు దాని మీదే పడేది. దాని పక్క పన్ను కాస్త ఒరిగి, తలుపు చాటునుంచి చూస్తున్నట్టుంటుంది. అన్నేళ్లు ఏ గీత ఎక్కడ గీసి పూడ్చాడో ఆయన చేతికి తెలుసు. ఆ చెయ్యి ఇప్పుడు వెనక్కి నడిచింది. టీచరమ్మ ఆ కాగితం చూసి, ఆయన వేళ్లకి అంటిన పెన్సిల్ పొడి కొంగుతో తుడిచింది.

కూతురికి మాత్రం ఇది మింగుడుపడలేదు. కొత్త పళ్లు పెట్టించుకుంటూ ఎవరైనా కోరి సందు పెట్టించుకుంటారా, జనం నవ్విపోరూ అని దారిపొడుగునా నస పెట్టింది. చిన్నప్పట్నుంచీ ఆ పిల్ల చూసింది ఆ సందునే. కానీ చెప్పుకోవలసి వచ్చినప్పుడు మా అమ్మ పళ్లు ముత్యాల్లా ఉండేవని ఆ ఫొటోనే చూపించేది. మేనత్త కూడా ఆ పిల్లకే వంత పాడింది. "ఎవరన్నా చూస్తే, డాక్టరు ఒక పన్ను తక్కువ పెట్టి మోసం చేసిందనుకుంటారే" అంది. టీచరమ్మ ఇద్దరి మాటా లెక్కచెయ్యలేదు. అలాగని లోపల గుబులు లేకపోలేదు. ఆయన గీసింది పాతికేళ్ల పిల్ల పళ్లని. ఈ మొహానికి అవి ఇప్పుడు నప్పుతాయా?

రెండో నమూనా రోజున ఆ గుబులుతోనే కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ ఈసారి పళ్ల రంగు కూడా ఒక పిసరు తగ్గించింది, కింది పళ్లతో కలిసిపోయేలా. అద్దంలో చూసుకుంది. ఆకారం తనదే. అయినా నమ్మకం చాల్లేదు. దుకాణం దీపాల కింద చూసి గుడ్డ కొనే మనిషి కాదు ఆమె. బయట ఎండలో ఒకసారి చూసుకొస్తానంది. కొరకొద్దు, వేడివేవీ తాగొద్దు, రెండు నిమిషాల్లో వచ్చెయ్యమని డాక్టరమ్మ ఒప్పుకుంది.

మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. ఆగిన ఒక కారు అద్దంలో మొహం చూసుకోబోతుంటే వెనకనుంచి "టీచరుగారూ" అని పిలుపు. క్లాసులో అందరికన్నా పొగరుబోతు పిల్ల. కొలత టేపు పట్టుకోవడం రాకముందే షేర్వాణీ కుట్టాలని కలలు కనే రకం. ఆ పిల్ల ముందుమాటేమీ లేకుండా తన గోడు మొదలుపెట్టింది. కోటుకి చేతులు అతికిస్తే భుజం దగ్గర బుడగలా లేచిందట. మూడుసార్లు విప్పిందట. గుడ్డ మంచిది కాదేమో.

"గుడ్డ మీదికి తోస్తున్నావా? చెయ్యి ముక్క ముందుభాగం వెనక్కి వేసుంటావ్."

"వెయ్యలేదండీ. నేనేమన్నా చిన్నపిల్లనా?"

"ముందువైపుకి గుర్తుగా కత్తిరించే గంటు ఎక్కడ పెట్టావ్? ఏదీ, చూపించు."

ఆ పిల్ల గాల్లో చూపించింది. వెనకవైపే చూపించింది. చూపించాక తనకే తెలిసి నాలిక్కరుచుకుంది. టీచరమ్మ నవ్వింది. నవ్వు ఆగలేదు. ఆ పిల్ల ఉడుక్కుంటూ, అంత నవ్వాల్సిన పనేముందండీ, మీరే కదా గంటు వెనక పెట్టమన్నది అని బుకాయించింది. ఇద్దరూ అక్కడే నిలబడి గాల్లోనే ఒక కోటు విప్పి మళ్లీ కుట్టారు. రేపు క్లాసుకి తెస్తానని చెప్పి, ఆ పిల్ల బస్సు కోసం పరిగెత్తింది.

మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది టీచరమ్మ. అంతసేపు ఎదురుగా నిలబడ్డ ఆ పిల్ల, ఎవరి చెవిపోగు కొత్తదైనా గదిలోకి అడుగుపెట్టకముందే పట్టేసే ఆ పిల్ల, తన నోటి వంక ఒక్కసారి కూడా చూడలేదు.

కారు అద్దంలో చూసుకోవడం మర్చిపోయి పైకొచ్చేసింది. రెండు నిమిషాలన్నది ఎంతైందోగానీ, ఆయన మెట్ల మీదే ఎదురుచూస్తున్నాడు. ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడిగాడు.

"ఎవరూ ఏమీ అనలేదు" అంది ఆమె, అది గొప్ప వార్తలాగా.

లోపలికెళ్లి, ఇవే ఖాయమని చెప్పింది. డాక్టరమ్మ దారి వివరించింది. ప్రస్తుతానికి ఇదే వరసతో కట్టుడు పళ్లు చేసిస్తుంది, వాటితో క్లాసులు నడుపుకోవచ్చు. ఇంప్లాంట్లు కావాలనుకుంటే, ఇదే నమూనాని కొలతగా పెట్టుకుని స్క్రూలు దించుతుంది. ఎముక పట్టుకున్నాక పైన బిగించేవి కూడా ఈ పళ్లలాగే ఉంటాయి. తొందరేమీ లేదు, ఆలోచించుకుని చెప్పమంది.

"అవి కూడా పెట్టెయ్యండి" అంది టీచరమ్మ.

ఆయన చెయ్యి తన దవడ మీదికి పోయింది. కట్టుడు పళ్లు ఇంత చక్కగా కుదిరాక ఎముక జోలికెందుకని గొణిగాడు.

"ఇవాళ కింద వీధిలో నవ్వేటప్పుడు ఇవి కదిలాయండీ. పైకి తెలియలేదు, నాకు తెలిసింది" అంది. "కదులుతాయని తెలిశాక రేపట్నుంచి కొంచెం తగ్గించి నవ్వుతాను. ఎల్లుండి ఇంకొంచెం. మీరు చేసిన టచింగ్ నాకెప్పుడూ నొప్పి పెట్టలేదు. ఇది కాస్త పెడుతుంది. పెట్టనివ్వండి."

ఆయన గోడ వైపు తిరగలేదు. అయితే ఆపరేషను రోజు నేను లోపలికి రావచ్చా అని డాక్టరమ్మని అడిగాడు. రావచ్చు గానీ కళ్లు తిరిగి పడకూడదని డాక్టరమ్మ షరతు పెట్టింది. క్లాసులేని రోజేదో చూసుకుని ఆపరేషనుకి తారీఖు ఖాయం చేసుకున్నారు.

డాక్టరమ్మ నమూనా తిరిగి తీసుకోవడానికి చెయ్యి చాపింది. మైనం కదా, నోటి వేడికి మెత్తబడితే పళ్లు కదిలిపోతాయి.

"ఒక్క క్షణం అమ్మా" అని టీచరమ్మ ఆయన వైపు తిరిగి, కోటుకి చేతులు తిరగేసి అతికించిన పిల్ల కథ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.