లేదన్న ఒర్రె

సంపత్ పేరెత్తితే చాలు, అబ్రహాం కాండ్రించి ఉమ్మేస్తాడు. చొప్పదండి పక్కన ఎగువనున్న తన మెట్టనేల పైచెలకను సోలార్ కంపెనీకి కౌలుకిప్పించింది దళారీ సంపతే. కొలతల రోజు సర్వేయర్, "నడుమల వాగో ఒర్రో ఏమన్న పారుతదా?" అని అడిగినప్పుడు చెవిలో ఊదిందీ వాడే.

"ఉన్నదంటే గంత జాగ కౌలుల కట్ చేస్తరు కాకా. లేదను. గీ ఎండకాలంల ఎవలికి కనవడ్తది?"

అబ్రహాం లేదన్నాడు. సంతకం పెట్టాడు.

వారంలో మోదుగలు, రేగుకంపలు పెళ్లగించారు. ఒర్రెను మట్టితో పూడ్చి, గడ్డిపరక మిగలకుండా గీకి, నీలం పలకలు నిలబెట్టారు. గౌజుపిట్టల కూత ఆగిపోయింది. పాములు దిగువకు జరిగి, అబ్రహాం సాగుకు మిగుల్చుకున్న పత్తిచేనులో చేరాయి.

తొలి జల్లు పడ్డ మర్నాడు, అతని భార్య రిబ్కమ్మ కంచె పక్కనుంచి ఒక నీటికోడిని పట్టుకొచ్చింది. రెక్క విరిగి వేలాడుతోంది.

"గా పలకలను చెరువనుకొని దిగినట్టుంది."

"పిచ్చిపిట్ట."

"అది లేని నీళ్లు ఉన్నయనుకున్నది. నువ్వు ఉన్న నీళ్లు లేవంటివి. ఎవలకు పిచ్చి?"

అబ్రహాం పైచెలక దిక్కు చూశాడు. వాలంతా తన చేనుకేసే ఉంది. గోదారి దిక్కున మబ్బు కమ్ముతోంది. సంపత్‌కు ఫోన్ చేశాడు.

"ఒర్రె తవ్వియ్యమను సంపతూ. పెద్దవాన కొడితే నా చేను ఉండది."

"లేని ఒర్రెను యాడ తవ్వాలె కాకా? కాయితం మీద నీ సంతకమేనాయె." నవ్వి పెట్టేశాడు.

మూడోనాడు పొద్దున గంప కింది నీటికోడి ఉన్నట్టుండి కూయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి వాన దిగింది. అబ్రహాం పార పట్టుకొని గట్టు మీద నిలబడ్డాడు. పలకల కింది నుంచి బురదనీళ్లు గోడలా వచ్చాయి. నాలుగు పారల మట్టి కూడా ఎత్తలేదు, కాళ్ల కింది గట్టే కదిలింది.

"ఇంక ఇడ్సిపెట్టు! ఒర్రె దాని తొవ్వ అది వట్టింది," అంటూ రిబ్కమ్మ అతని రెక్క పట్టి లాగింది.

వాన వెలిశాక పత్తిమొక్క ఒక్కటీ కనబడలేదు. మోకాలెత్తు ఇసుక, పైచెలక రాళ్లు. ఈసారి అబ్రహాం సర్వేయర్‌ను పిలవలేదు. తాడు ఒక కొస రిబ్కమ్మకిచ్చి, ఒర్రె మింగిన చేనును తనే కొలిచాడు.

ఎకరం పదమూడు గుంటలు.