నాన్న తెరవలేకపోయిన కిటికీ

తుఫాను మధ్యాహ్నానికల్లా మా మీదికి వస్తుందని రేడియోలో చెప్పిన రోజున నాన్నది ఒకటే పట్టు. వంటింటి కిటికీ తెరిచి ఉంచాలి.

"ముందు నుంచి వచ్చే గాలికి వెనక దారి వదలాలి. లేకపోతే ఇల్లు ఉబ్బిపోతుంది," అన్నాడు.

ఏ తుఫానుకైనా ఆయన అలాగే తెరిచేవాడు. పోయినసారి ఇంటి కప్పు మీది రేకులు నాలుగు లేచి పక్కింటి పెరట్లో పడ్డాయి. తెరవడం కాస్త ఆలస్యమైంది గానీ, లేకపోతే పడేవి కావట.

ఈసారి కిటికీలన్నీ కొత్తవి. బిగించింది మా బావ. ఆయన వృత్తే అది. రెండు అద్దాల మధ్య సాగే పొర ఒకటి అతికి ఉంటుంది. చట్రాలను పొడవాటి మరలతో గోడలోకి దించాడు.

"మామయ్యా, గాలేమన్నా చుట్టమా, ఇటొచ్చి అటు వెళ్ళిపోడానికి? లోపలికొస్తే కప్పుని కిందనుంచి ఎత్తేస్తుంది. ఒక్క కిటికీ తెరిచినా రేకులు దక్కవు."

"నీ వయసెంత, నా ఇంటి వయసెంత అల్లుడూ?"

"ఏమండీ, పక్కింటావిడ పెట్టిన చీవాట్లు అప్పుడే అరిగిపోయాయా?" అంది అమ్మ.

పదకొండింటికి గాలి ఈల వెయ్యడం మొదలుపెట్టింది. అక్కతో సహా ఐదుగురం ముందు గదిలో కూర్చున్నాం. నాన్న మంచినీళ్ళ కోసమని లేచి వెళ్ళి, ఎంతసేపటికీ రాలేదు. నేను వెళ్ళి చూశాను.

వంటగట్టు మీద మోకాళ్ళు ఆనించి కిటికీ పిడితో కుస్తీ పడుతున్నాడు. లాగాడు, తిప్పాడు, చివరికి బతిమాలాడు. పిడి కింద చిన్న మీట ఉంది. దాన్ని నొక్కి, పిడి పైకెత్తి, అప్పుడు తిప్పాలి. బావ బిగిస్తున్నంతసేపూ నేను పక్కనే నిలబడి చూశాను. నాన్నేమో అప్పుడు అలిగి వసారాలో అటు తిరిగి కూర్చున్నాడు.

"ఇదెలా తెరుచుకుంటుందే?" అన్నాడు గొంతు తగ్గించి.

"బావని పిలవనా?"

"నోర్ముయ్. నీకు తెలుసా, తెలీదా?"

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం చెబితే కప్పు పోతుంది.

"తెలుసు. చెప్పను," అన్నాను.

నాన్నతో ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు. ఆయన నోరు తెరిచి నా వైపు తిరిగాడో లేదో, ఎవరిదో నీళ్ళ ట్యాంకు మూత ఎగిరొచ్చి అద్దానికి ధడేల్మని తగిలింది. నాన్న గట్టు మీంచి గిన్నెల్లోకి జారాడు.

అందరూ పరుగెత్తుకొచ్చారు.

"నేనేం చెయ్యలేదు!" అన్నాడు నాన్న, ఎవరూ అడక్కముందే.

అద్దం నిండా సాలెగూడులా పగుళ్ళు. ఒక్క పెంకు కూడా రాలలేదు. పొయ్యి పక్కన వేలాడుతున్న మసిగుడ్డ కూడా కదల్లేదు. పైన రేకులు మూలిగాయి గానీ లేవలేదు.

"పగిలినా ఊడదు మామయ్యా. దాని పనే అది," అన్నాడు బావ.

నాన్న లేచాడు. తువ్వాలు మడతపెట్టి అద్దానికి అదిమి నిలబడ్డాడు.

"పట్టుకోనక్కర్లేదు మామయ్యా."

"నీకు తెలీదు. నేను పట్టుకున్నాను కాబట్టి ఆగింది."

రెండు గంటలు అలాగే నిలబడ్డాడు. అమ్మే అన్నం కలిపి నోట్లో పెట్టింది. గాలి తగ్గాక నేను బయటికి వెళ్ళి చూసొచ్చాను. రేకులన్నీ ఉన్నాయి.

"నాన్నా, గాలి పోయింది. ఇప్పుడు తెరవనా?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను!" అన్నాడు, రెండో చెయ్యి కూడా ఆనిస్తూ.