టక్కుమనని గొట్టం

అన్నయ్య కొట్టు వెనక గదిలో, బల్ల మీదున్న ఆ బారోమీటరును చూడగానే చెల్లెలికి ఒళ్లు మండిపోయింది. దాన్ని చేసింది వాళ్ల నాన్న. మూడడుగుల గాజు గొట్టంలో పాదరసం కొంచెం కొంచెంగా పోస్తూ, పోసినప్పుడల్లా మంట మీద కాచి, ఒక్క బుడగ మిగలకుండా వారం రోజులు తంటాలు పడ్డాడు. ఇప్పుడందులో పాదరసం చుక్క లేదు. లోపల వెండి రంగు పట్టించి ఉంది. పైగా ఆ రంగు 'నిర్మలం' అన్న గీత దగ్గర ఆగింది. బయటేమో వాన దంచికొడుతోంది!

"ఇదేం పని అన్నయ్యా?"

"పాదరసం విషం తల్లీ. గోడకి అందంగా ఉంటే చాలదూ?"

"విషమైతే తీసెయ్, కాదనను. 'చక్కగా పనిచేస్తుంది' అని చీటీ ఎందుకు కట్టావ్?"

"అబ్బ, నీ చాదస్తం! ఎవరికి తెలుస్తుంది?"

ఆ మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. గీతలున్న ఇత్తడి పలక వెనక నాన్న సూదితో గీకిన పేరుంది. తనకు నచ్చని పనిమీద ఆయన పేరు గీకిందే లేదు. ఆ పేరు ఈ అబద్ధంతో పాటు పరాయి గోడకెక్కుతుందా?

"కనీసం ఆ పలకైనా ఇచ్చెయ్."

"పలక లేకపోతే ఎవరు కొంటారే?"

అంతలో గొడుగు దులుపుకుంటూ కొనే ఆవిడ వచ్చింది, రిటైరైన సైన్సు టీచరు. అన్నయ్య గొంతులో తేనె పోసుకుని బారోమీటరును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పగించే ముందు దాన్ని మెల్లగా వంచి, కొనేవాళ్లకి చప్పుడు వినిపించడం ఆ ఇంటి పద్ధతి. పాదరసం పైకి పాకి, గాజు కొసకి తగిలి టక్కుమనాలి. లోపల గాలి చొరబడితే ఆ టక్కు వినిపించదు. ముప్పై ఏళ్లుగా అదే అలవాటు. అన్నయ్య చేతులు వాటంతటవే వంచేశాయి.

"వినండి మేడమ్," అనేశాడు కూడా.

టీచరు చెవి ఆనించింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏమీ వినపడదేం?"

అన్నయ్య కాపాడమన్నట్టు చెల్లెలి వైపు చూశాడు. అంత మోసం చేసి, మళ్లీ ఈ చూపొకటి!

"అందులో ఉన్నది ఉత్త రంగు మేడమ్," అందామె. స్క్రూడ్రైవరు తెచ్చి, అతని చేతుల్లో ఉండగానే నాలుగు మరలూ విప్పి, పలకను చీరకొంగుతో తుడుచుకుంది.

"ఇక అమ్ముకో అన్నయ్యా. ఇప్పుడిది అచ్చంగా నువ్వు చేసిందే."