అమరేందర్ సార్ అప్రమత్తత

నల్లగొండ శివారులో అద్దాలు తొడుక్కున్న కొత్త భవనం ఒకటుంది. దాని మూడో అంతస్తులో మేఘసేతు అనే కంపెనీ. ఎక్కడెక్కడి ఆసుపత్రుల ఇన్సూరెన్సు కాయితాలో అక్కడికొచ్చి పడతాయి, వాటిని ఒక హాలెడు మంది కుర్రకారు కూర్చుని సరిచూస్తుంటారు. వాళ్ల బల్లల మీద ఉండేవి ఉత్త తెరలూ కీబోర్డులే. అసలు కంప్యూటర్లు కిరాయివి, అవి ఏ దేశంలో ఉన్నాయో ఎవరూ చూడలేదు. ఇంటర్నెట్ మీదుగా వాటిలోకి లాగిన్ అయి పని చేసుకోవాలి. కంటికి కనపడని ఆ కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగం సుస్మితది. ఆమెకు పైన మేనేజరు అమరేందర్. పని సుస్మిత చేసేది, 'నేను చేశాను' అనడం అమరేందర్ చేసేవాడు. ఈ పంపకం మీద ఇద్దరిలో ఒకరికి ఏ ఫిర్యాదూ లేదు.

ఆ ఏడు వానాకాలంలో హైదరాబాదు హెడ్డాఫీసు ఒక కొత్త ఏర్పాటు తెచ్చింది. కంప్యూటర్లు మొరాయించాక పరుగెత్తడం కాదు, మొరాయించబోతున్నాయని ముందే పసిగట్టి అదే ఫోన్ చేస్తుంది. రికార్డు చేసిన ఆడగొంతు ఇంగ్లీషులో ముంచుకొస్తున్నదేమిటో చెప్పి, విన్నట్టయితే ఒకటి నొక్కమంటుంది. నొక్కితే ఆ మనిషి బాధ్యత తీసుకున్నట్టు. నొక్కకపోతే కాసేపాగి జాబితాలో రెండో మనిషికి ఫోన్ వెళ్తుంది.

"మొదటి నంబరు నాది పెట్టుండ్రి సార్, ఎట్లైనా చూసేది నేనే గదా" అంది సుస్మిత.

"చూసేది నువ్వే. గని ఎవరు ఎంత జల్ది నొక్కిన్రో హెడ్డాఫీసుల ప్రతి నెలా చూస్తరట. గంత బరువు నీ మీదెందుకమ్మా?" అని అమరేందర్ దయ చూపించాడు.

అప్పుడే ఆయన వరసగా అన్నీ ఏడులే వచ్చి చివర మాత్రం ఒకటి ఉండే ఫ్యాన్సీ నంబరు తీసుకుని ఉన్నాడు. ఆ నంబరును ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తానే స్వయంగా సిస్టంలోకి ఎక్కించాడు. రెండో నంబరుగా సుస్మితది పెట్టాడు. హెచ్చరికలు కనిపించే పేజీని మాత్రం తన ఒక్కడికే ఉంచుకున్నాడు, పదిమంది చూస్తే గందరగోళమవుతుందట. హైదరాబాదు నుంచి టెస్ట్ కాల్ చేశారు, అవతల ఎవరో ఒకటి నొక్కారు, అంతా బాగుందన్నారు.

"మీకు ఫోన్ వచ్చిందా సార్?" అనడిగింది సుస్మిత.

"నొక్కినట్టు పడ్డది గదా. ఇంకేం గావాలె?"

నెల తిరిగేసరికి హెడ్డాఫీసు రిపోర్టు వచ్చింది. కంపెనీకున్న బ్రాంచీలన్నిటిలోకీ వేగంగా స్పందించినవాడు నల్లగొండ అమరేందర్. మిగతావాళ్లు నిమిషాలు తీసుకుంటే ఈయన సెకన్లలో నొక్కేశాడు. ఆ కాయితం చదువుతున్నప్పుడు ఆయన కనుబొమలు ఒక్కసారి ముడిపడటం సుస్మిత చూసింది. ఒక్కసారే. మరుక్షణం అవి విడిపోయాయి, ఛాతీ విప్పారింది. తనకు ఒక్క ఫోనూ రాలేదన్న సంగతి ఆయనకు తెలియకపోదు. కానీ పొగడ్త తన పేరు మీద వచ్చాక, ఫోన్ ఎవరి పేరు మీద వస్తేనేం అనుకున్నట్టున్నాడు.

ఆ తర్వాత ఆయన నడక మారింది. క్యాంటీన్లో టీ తాగుతూ కూడా అప్రమత్తత గురించి మాట్లాడేవాడు. 'సమస్య మన దగ్గరికి రావద్దు, మనమే సమస్య దగ్గరికి పోవాలె' అని రాయించి గోడకు తగిలించాడు.

దసరా సెలవులయ్యాక హాల్లో పిల్లలు గొణగడం మొదలుపెట్టారు. పొద్దున లాగిన్ కావడానికి చాలాసేపు పడుతోంది, దాచుకున్న ఫైళ్లు ఒక్కోసారి కనిపించడం లేదు. సుస్మితకు అనుమానమొచ్చి అమరేందర్ గదిలోకి వెళ్లింది.

"అందరి ఫైళ్లు పెట్టే జాగా నిండుతున్నట్టుంది సార్. జర ఆ పేజీ తెరిచి చూస్తరా?"

"నిండితే అలర్ట్ వస్తది. నాకు రాలే. అంటే నిండలే" అన్నాడు ఆయన, కంప్యూటరు వంక చూడకుండానే.

"ఒక్కసారి చూస్తే ఏంబోతది సార్?"

"సుస్మితా, సిస్టం మీద నమ్మకం లేకుంటే ఈ ఉద్యోగం చెయ్యలేవు. నాకెందుకు పేరొచ్చిందో ఎన్నడన్న ఆలోచించినవా?"

సుస్మిత నిజంగానే ఆలోచించింది. రెండో నంబరు తనదే కదా, ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా ఫోన్ తన దాకా రాలేదంటే సార్ నొక్కుతున్నాడనే కదా అర్థం. అలా అనుకుని ఊరుకుంది. ఊరుకున్నందుకు తర్వాత తనను తాను చాలా తిట్టుకుంది.

'ఉత్తమ అప్రమత్త అధికారి' బహుమతి అమరేందర్‌కే అని తేలింది. ఇవ్వడానికి హెడ్డాఫీసు నుంచి శ్రీవాణి మేడం స్వయంగా వచ్చింది. సోమవారం పొద్దున హాలు చివర వేదిక వేశారు, శాలువా తెచ్చారు, బొకే తెచ్చారు. గోడ మీద పెద్ద తెర పెట్టి ఆ హెచ్చరికల పేజీని అందరికీ కనపడేలా వేశారు. అలా వేయించింది అమరేందరే. తన పేరు పక్కన మెరిసే సెకన్లను అందరూ కళ్లారా చూడాలని ఆయన ముచ్చట.

అమరేందర్ మైకు పట్టుకున్నాడు. ఆయన ఫోను ఎదురుగా బల్ల మీద బొకే పక్కనే పడుకుని ఉంది.

"నేను నిద్రల గూడ మేల్కొనే ఉంట..." అని ఆయన మొదలుపెట్టేసరికి వెనక వరసలో ఒకరు లేచి లాగిన్ కావడం లేదన్నారు. పక్కవాళ్లూ అదే మాట. చూస్తుండగానే హాలంతా తెల్లతెరలు తేలాయి. గోడ మీది పేజీలో మాత్రం కొత్త ఎర్రగీత ఒకటి పొడుచుకొచ్చింది. 'స్టోరేజ్ పూర్తిగా నిండింది' అని దాని సారాంశం. రెండు క్షణాల్లో ఆ గీత పక్కన ఇంకో ముక్క పడింది. బాధ్యత తీసుకున్నది అమరేందర్.

శ్రీవాణి గోడ వంక చూసింది. బల్ల మీది ఫోను వంక చూసింది. ఆ తర్వాత ఆయన చేతుల వంక చూసింది.

"అమరేందర్, మీ చేతిలో మైకుంది. మరి ఇప్పుడు ఒకటి నొక్కిందెవరు?"

అమరేందర్ మైకును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "సిస్టమే మేడం... నా అలవాటు దానికి తెలుసు."

సుస్మిత వేదిక మీదికి వెళ్లి పేజీలో పైనున్న గీతలు వరసగా చూసింది. జాగా నిండుతోందని వారాల ముందు నుంచీ అది చెప్పుకుంటూనే ఉంది. ప్రతి హెచ్చరికనూ ఎవరో సెకన్లలో నోరు మూయించారు. అమరేందర్ పేరు మీద నొక్కి చూస్తే నంబరు కనిపించింది. నిండా ఏడులే, కానీ చివర ఒకటి ఉండాల్సిన చోట కూడా ఏడే ఉంది. ఆమె ఆ నంబరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"ఎవలు?" అందొక ముసలి గొంతు. వెనక గొర్రెల అరుపులు.

"నల్లగొండ నుంచి మాట్లాడుతున్న పెద్దయ్యా. నీ పేరేంది?"

"కురుమయ్యను. మక్తల్ కాడ గొర్లు మేపుతున్న. రోజు ఫోన్ చేసే ఆమెవు నువ్వేనా? ఇయ్యాల తెలుగుల మాట్లాడుతున్నవ్!"

"నేను గాదు. ఆమె చేస్తే నువ్వేం జేస్తవు?"

"వన్ అంటది, ఒకటి నొక్కుత. మిగిలిన మాట నాకు తెల్వది. నొక్కకపోతే మొత్తుకుంటనే ఉంటది, గొర్లు బెదురుతయి. అందుకే ఎంబడే నొక్కుత."

"ఎవలనుకున్నవ్ ఆమెను?"

"సర్కారామె అనుకున్న. గ్యాసు కాడికెళ్లి పింఛన్ దాక అందరు నొక్కుమనేటోళ్లే గదా. నొక్కినంక ఎవ్వలేం ఇయ్యలే. ఈమె సుత ఇయ్యలే."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అమరేందర్ ఫోను మీదికి వంగాడు.

"ఏయ్, కంపెనీ ఫోన్లెత్తి నొక్కుతున్నవా? కేసు పెడ్త నీ మీద!"

"నేను నీకు ఫోన్ చేసిన్నా? నువ్వే చేస్తున్నవ్. రోజు చేస్తున్నవ్. కేసు నువ్వు పెట్టాల్నా, నేను పెట్టాల్నా?"

ఈసారి హాలు హాలంతా నవ్వింది. ఇక ఫోన్లు రావని కురుమయ్యకు సర్దిచెప్పి సుస్మిత పెట్టేసింది. శ్రీవాణి అక్కడికక్కడే ఆమెకు అనుమతులిప్పించింది. జాగా పెంచడం కాసేపటి పని. మధ్యాహ్నం భోజనాల వేళకు అందరి తెరలూ వెలిగాయి. అంత చిన్న పని కోసం ఇంతమందికి ఒక పూట మట్టికొట్టుకుపోయిందని సుస్మితకు మాత్రం ఒళ్లు మండింది.

ఆ మంట చల్లారకముందే గదిలో తలుపు వేసుకుని పెద్దలు ఒక నిర్ణయానికి వచ్చారు. నల్లగొండ వేగం గురించి కస్టమర్లకు అప్పటికే గొప్పగా రాసేశారు. ఇప్పుడు ఆ నొక్కింది గొర్రెలకాపరి అని ఎలా రాస్తారు? "స్పందించారా లేదా అన్న గడి ఉంది, ఎవరు స్పందించారన్న గడి మన రిపోర్టులో లేదు" అంది శ్రీవాణి. సాయంత్రం శాలువా అమరేందర్ భుజాల మీదే పడింది. ఫోటో దిగేటప్పుడు ఆయన ముఖంలో సిగ్గు వెతికింది సుస్మిత. వెలుతురు సరిగా లేక కనపడలేదేమో.

కొన్నాళ్లకు అమరేందర్‌ను హైదరాబాదుకు తీసుకెళ్లారు, అన్ని బ్రాంచీలకూ అప్రమత్తత నేర్పడానికి. మొదటి నంబరు సుస్మితదయింది. ఫోన్ మోగితే ఆమె ముందు చెప్పింది విని, పేజీ తెరిచి, తప్పెక్కడుందో చూసి, తనవల్ల అయ్యేదే అనుకున్నాక ఒకటి నొక్కేది. ఆ చలికాలమంతా హాల్లో ఒక్క తెరా తెల్లబోలేదు.

సంక్రాంతి ముందు ఆమెకు హైదరాబాదు నుంచి మెమో వచ్చింది. 'నల్లగొండ స్పందన వేగం బాగా పడిపోయింది. గత అధికారి హయాంతో పోలిస్తే ఇది విచారకరం. కారణం తెలపండి.' కింద సంతకం అమరేందర్‌ది.

సుస్మిత దాన్ని రెండుసార్లు చదివింది. పెద్ద జవాబు రాయబోయి, కొట్టేసి, ఒక్క ముక్క రాసింది. 'చూసి నొక్కుతున్నాను.'

జవాబు మాత్రం సెకన్లలో వచ్చింది. 'ముందు నొక్కండి. చూడటం తర్వాత.'